అణ్వస్త్ర వ్యాప్తిని ఆపేది దౌత్యమా, సైనిక బలమా?

ప్రశ్న

2025 జూన్‌లో ఇరాన్‌లోని నతాంజ్, ఫోర్డో, ఇస్ఫహాన్ అణు కేంద్రాలపై దాడులు జరిగినప్పటి నుంచి నన్నొక సందేహం వెంటాడుతోంది. ఒక దేశం అణుబాంబు తయారీకి చేరువవుతోందని గట్టి అనుమానం కలిగినప్పుడు, చర్చల పేరుతో ఏళ్లు గడపడం కంటే ఆ కేంద్రాన్నే ధ్వంసం చేయడం మేలని కొందరు వాదిస్తున్నారు. 1994లో ఉత్తర కొరియాతో ఒప్పందం కుదిరినా 2006 అక్టోబరులో ఆ దేశం అణు పరీక్ష జరిపింది కదా అని వారు అడిగితే నా దగ్గర సరైన సమాధానం లేకపోయింది. దాడి జరిగిన చోట ఆ తర్వాత ఏమైందో, ఒప్పందం కుదిరిన చోట ఏమైందో తెలిసినవారు వివరించగలరా?

మొదటి జవాబు

దాడిని సమర్థించేవారు ముందుగా చెప్పే ఉదాహరణ ఇరాక్ కాబట్టి దానినే కొంచెం వివరంగా చూద్దాం. 1981 జూన్ 7న ఇజ్రాయెల్ యుద్ధవిమానాలు బాగ్దాద్ సమీపంలోని ఒసిరాక్ రియాక్టర్‌ను కూల్చివేశాయి. అది ఫ్రాన్స్ సరఫరా చేసినది. అక్కడ ఫ్రెంచి నిపుణులు ఉండేవారు, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీలూ ఉండేవి. దాడి తర్వాత సద్దాం హుస్సేన్ ప్రభుత్వం బాంబు ఆలోచన మానుకోలేదు సరికదా, ఎవరి కంటా పడని దారి వెతుక్కుంది. భారీ విద్యుదయస్కాంతాలతో యురేనియం ఐసోటోపులను వేరుచేసే పాత పద్ధతిని చేపట్టి, మునుపటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ మనుషులను, డబ్బును రహస్యంగా ఆ పనిలో పెట్టింది. ఈ సంగతి ప్రపంచానికి పూర్తిగా తెలిసింది 1991 గల్ఫ్ యుద్ధం ముగిశాకే. ఆ ఏడాది జూన్‌లో ఫలూజా దగ్గర ఆ పరికరాలను లారీల్లో తరలించుకుపోతుంటే తనిఖీ బృందం వెంటపడి ఫొటోలు తీసింది. సైనికులు గాలిలోకి కాల్పులు జరిపినా ఆ ఫొటోలు మాత్రం దక్కాయి. సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయంటూ 2003లో అమెరికా మళ్లీ దండెత్తినప్పుడు అక్కడ నడుస్తున్న అణ్వస్త్ర కార్యక్రమమేదీ కనబడలేదు, ఎందుకంటే అప్పటికే తనిఖీలు దానిని మూలమట్టంగా తొలగించాయి.

రెండవ జవాబు

పై జవాబులో ఒక విషయం మరుగున పడింది. 1991లో తనిఖీ అధికారులు ఇరాక్‌లో అడుగుపెట్టగలిగింది ఆ దేశం యుద్ధంలో ఓడిపోయినందువల్లే. అలాగే 2007 సెప్టెంబరు 6న సిరియాలోని దైర్ అజ్జోర్ ప్రాంతంలో ఇజ్రాయెల్ ఒక రియాక్టర్‌ను నేలమట్టం చేశాక సిరియా దాన్ని మళ్లీ కట్టలేదు. 2014 నాటికి ఆ ప్రాంతంలో అధికభాగం ఐసిస్ చేతికి చిక్కిందని తలచుకుంటే, ఆ రియాక్టర్ నిలిచి ఉంటే ఏమయ్యేదోనన్న భయం నాకిప్పటికీ పోదు. అయితే సిరియాది ఉత్తర కొరియా సాయంతో కట్టిన ఒకే ఒక్క కట్టడం. పరిజ్ఞానం అరువు తెచ్చుకున్నదైతే కట్టడంతోపాటు కార్యక్రమమూ పోతుంది. యురేనియాన్ని శుద్ధి చేసే యంత్రాలైన సెంట్రిఫ్యూజ్‌లను సొంతంగా తయారు చేసుకునే ఇరాన్ విషయంలో అదే ఫలితాన్ని ఆశించలేం.

మూడవ జవాబు

ఇరాన్ గురించి రాయవలసింది చాలా ఉంది. 2015 జులైలో అమెరికా సహా పెద్ద దేశాలతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇరాన్ యురేనియాన్ని 3.67 శాతానికి మించి శుద్ధి చేయకూడదు (శుద్ధి అంటే అందులో యురేనియం-235 వాటాను పెంచడం), అలా శుద్ధి చేసిన నిల్వ 300 కిలోలు దాటకూడదు. ఆ షరతుకు కట్టుబడి అదనపు నిల్వను దేశం దాటించారు. బాంబుకు పనికొచ్చే ప్లుటోనియాన్ని తయారు చేయగల అరాక్ రియాక్టర్ గర్భాన్ని తీసి కాంక్రీటు నింపారు. ఇరాన్ మాట తప్పడం లేదని తనిఖీ సంస్థ నివేదికలిస్తుండగానే, 2018 మేలో అమెరికా ఆ ఒప్పందం నుంచి వైదొలిగింది. 2021లో ఇరాన్ 60 శాతం శుద్ధి మొదలుపెట్టింది. 2025 దాడుల నాటికి ఆ స్థాయి యురేనియం 400 కిలోలకు పైగా పోగైంది. అక్కడి నుంచి బాంబుకు కావలసిన 90 శాతానికి మిగిలిన శ్రమ చాలా తక్కువ. దాడుల తర్వాత ఆ నిల్వ ఎక్కడుందో తనిఖీ అధికారులు స్వయంగా చూసి చెప్పలేని పరిస్థితి వచ్చింది. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే.

తనిఖీ అంటే కాగితాలు చూసి సంతకం పెట్టడమని చాలామంది అనుకుంటారు. నిజానికి అధికారులు గోడలనూ పరికరాలనూ చిన్న నూలుగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను ప్రయోగశాలకు పంపుతారు. కంటికి కనిపించని రేణువు కూడా అక్కడ ఏ పని ఎప్పుడు జరిగిందో బయటపెట్టగలదు. ఉత్తర కొరియా ప్లుటోనియాన్ని ఒక్కసారే వేరుచేశామని చెప్పినప్పుడు, 1992లో సేకరించిన నమూనాలే ఆ పని పలుమార్లు జరిగిందని తేల్చాయి. బాంబు వేసే విమానానికి ఈ చూపు ఉండదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. కానీ 2003లో అణు కార్యక్రమాన్ని వదులుకున్న లిబియా నేత గడాఫీ 2011లో ఎలా కూలిపోయారో చూశాం. తన భూభాగంలోని సోవియట్ అణ్వస్త్రాలను అప్పగించి 1994లో బుడాపెస్ట్‌లో భద్రతా హామీలు పుచ్చుకున్న ఉక్రెయిన్ గతేమిటో చూస్తూనే ఉన్నాం. ఇక ఏ దేశమైనా ఒప్పందాన్ని ఎందుకు నమ్మాలి?

మూడవ జవాబు రాసినవారు

మీ ప్రశ్న న్యాయమైనది. ఆ రెండు ఉదంతాలూ దౌత్యానికి చేసిన నష్టాన్ని నేను తక్కువ చేసి చెప్పను. అయినా ఉత్తర కొరియా ఒప్పందాన్ని వైఫల్యంగా కొట్టివేయడానికి ముందు తేదీలు చూడండి. 1994 నుంచి 2002 చివరి వరకు యోంగ్‌బ్యోన్ రియాక్టర్ మూతబడే ఉంది, వాడిన ఇంధన కడ్డీలు తనిఖీ అధికారుల కళ్లెదుటే ఉన్నాయి. ఆ కాలంలోనే ఆ దేశం రహస్యంగా యురేనియం శుద్ధికి ప్రయత్నించిన మాట నిజమే. అయితే తనిఖీ అధికారులను పంపేసి, 2003 జనవరిలో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం నుంచి వైదొలగుతున్నట్టు ప్రకటించిన తర్వాత నాలుగేళ్లు తిరగకుండానే ప్లుటోనియం బాంబును పరీక్షించింది. 1994లో అమెరికా ఆ కేంద్రంపై దాడిని పరిశీలించి కూడా ఆగిందంటే, సియోల్ నగరం ఉత్తర కొరియా ఫిరంగుల అందుబాటులో ఉండటం ముఖ్య కారణం. దాడి చేయాలనుకున్న వారికి కూడా అప్పుడు మిగిలిన దారి చర్చలే.

దక్షిణాఫ్రికా తాను తయారు చేసుకున్న ఆరు బాంబులను తానే విప్పేసి 1991లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరింది. అదే ఏడాది బ్రెజిల్, అర్జెంటీనా ఒకరి అణు కేంద్రాలను మరొకరు తనిఖీ చేసుకునే ఉమ్మడి సంస్థను ఏర్పాటు చేసుకున్నాయి. ఆ మూడు దేశాల్లో ఒక్కదాని మీదా బాంబు పడలేదు. పొరుగువారితో శత్రుత్వం తగ్గడం, దేశంలో పాలన మారడం వల్ల వాటికి బాంబు అవసరమే తీరిపోయింది. ఇరాన్‌తో మళ్లీ చర్చలకు కూర్చునేవారు సెంట్రిఫ్యూజ్‌ల సంఖ్య ఒక్కటే కాక ఆ దేశపు భద్రతా భయాలనూ మాట్లాడాలి. కుదిరిన ఒప్పందం వాషింగ్టన్‌లో అధ్యక్షుడు మారినా నిలిచేలా రాసుకోవాలి.