గడ్డమంచు పడే చోట మామిడిని నేలలో నాటవచ్చునా, కుండీలోనే ఉంచాలా?

కొత్తచిగురు:
అందరికీ నమస్కారం. మూడేళ్ల క్రితం తెచ్చుకున్న అంటుమామిడి మొక్క ఇప్పుడు నా భుజం ఎత్తుకు ఎదిగింది. కుండీ అడుగు రంధ్రాల్లోంచి వేళ్లు బయటికి వస్తున్నాయి. మేముండే చోట చలికాలం చాలావరకు తేలికగానే గడిచిపోతుంది గాని, ఏడాదికి రెండు మూడు రాత్రులు ఉష్ణోగ్రత సున్నా కిందికి, ఒక్కోసారి మైనస్ 3 డిగ్రీల దాకా దిగిపోతుంది. వేసవి మాత్రం వేడిగా, దీర్ఘంగానే ఉంటుంది. చలి తగ్గగానే నేలలో నాటమని కొందరు, కుండీలోనే పెంచి చలికాలంలో ఇంట్లో పెట్టుకోమని కొందరు చెబుతున్నారు. అనుభవమున్నవారు ఏది మేలో చెప్పగలరా?

పెరటికాపు:
సందేహం అక్కరలేదు, నేలలో నాటండి. పంతొమ్మిదేళ్లుగా ఇలాంటి చలిలోనే మామిడి, జామ, అవకాడో పెంచుతున్నాను. కుండీ చెట్టుకు రక్షణ అని చాలామంది అనుకుంటారు గాని, బయట ఉన్న కుండీకి నాలుగు వైపుల నుంచీ చలి తగులుతుంది, నేలలోని వేళ్లకు మాత్రం భూమి వెచ్చదనం అడుగునుంచి అందుతూనే ఉంటుంది. ఇంట్లోకి తెస్తే వెలుతురు చాలదు, గాలి పొడిబారి ఎర్రనల్లి అనే ఆకురసం పీల్చే సన్నపురుగు పడుతుంది, ఏటా రెండుసార్లు మోయలేక నడుము పడిపోతుంది. ఉత్తరార్ధగోళంలో ఉంటే దక్షిణానికి తిరిగిన గోడ పక్కన నాటండి, పగలు గోడ పీల్చుకున్న వేడి రాత్రి చెట్టుకు అందుతుంది. రెండు వందల లీటర్ల నీటి డ్రమ్ము ఒకటి పక్కన పెట్టండి. అందులోని నీరు 20 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు చల్లబడే లోపు వదిలే వేడి, ఒక కిలోవాట్ హీటరు మూడున్నర గంటలు వెలిగినదానితో సమానం. ఎదిగిన మామిడి కొన్ని గంటల పాటు మైనస్ 4 డిగ్రీలను కూడా తట్టుకుంటుంది. మీ మైనస్ 3 దానికి ఒక లెక్క కాదు.

చలిగాలి:
ఎదిగిన మామిడి అన్నారు, సరే. కొత్తచిగురు గారి మొక్క భుజం ఎత్తు ఉంది. లేత మామిడికి మైనస్ 1, మైనస్ 2 డిగ్రీల మధ్యనే ఆకులు, కొమ్మలు మాడిపోతాయి. పూత, పిందె అయితే సున్నా దాకా కూడా ఆగవు, 4 డిగ్రీల చలి కొన్ని గంటలు నిలిస్తే దెబ్బతింటాయి. మీరు చెప్పిన మైనస్ 4 ఏ వయసు చెట్టుకు, ఎన్ని గంటలకు వర్తిస్తుందో చెప్పకుండా అంకె ఒక్కటే చెప్పడం సరికాదు.

అంటుకత్తి:
నాటేటట్లయితే, చలి రాక ముందు అంటు కట్టిన చోటికి జానెడు పైదాకా మాను చుట్టూ మట్టి ఎగదోయండి. పైభాగం చచ్చినా మట్టిలోని అంటుభాగం బతికి చిగురిస్తుంది. అంటు కింది దాకా చస్తే వేరుమూలం, అంటే అంటు కట్టడానికి వేళ్లనిచ్చిన అడుగుమొక్క, మాత్రమే మొలుస్తుంది, దాని కాయ మీరు కోరుకున్న కాయ కాదు. చలి పోగానే ఆ మట్టి తీసెయ్యడం మరువవద్దు, లేకపోతే బెరడు కుళ్లుతుంది.

పెరటికాపు:
చలిగాలి గారూ, వయసు సంగతి తెలియక నేను ఆ అంకె చెప్పలేదు. మైనస్ 4 అన్నది తోటల పెంపకంలో ఎందరో ఒప్పుకున్న అంకె. దానిని కాదనాలంటే వేరే అంకె చూపించండి. లేత మొక్కను మొదటి మూడు చలికాలాలు కప్పుకోవాలని ఎవరికి తెలియదు? మందపాటి దుప్పటి నేలదాకా దించి, అంచుల మీద రాళ్లు పెట్టి, లోపల పాతకాలపు సీరియల్ బల్బులు వెలిగిస్తే చాలు.

నీటిచుక్క:
బల్బుల విషయంలో ఒక్క మాట. ఇప్పుడు దొరికే ఎల్ఈడీ సీరియల్ బల్బులు వేడినివ్వవు, తీగ కాగే పాత రకానివే ఉండాలి.

చలిగాలి:
వేరే అంకె అడిగారు గనుక అంకె గురించే మాట్లాడతాను. వాతావరణ కేంద్రం చెప్పే ఉష్ణోగ్రత నేలకు దాదాపు ఒకటిన్నర మీటరు ఎత్తున, తెల్లటి పెట్టెలో, నీడలో ఉన్న థర్మామీటర్ చూపేది. మబ్బులేని, గాలి కదలని రాత్రి ఆకు తన వేడిని నేరుగా ఆకాశానికి వదులుకుని చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. చల్లగాలి బరువైనది కాబట్టి పల్లంలోకి నీటిలా పారి నిలుస్తుంది. కేంద్రం సున్నా అన్న రాత్రి పెరడు పల్లంలో గడ్డి మీద మైనస్ 3 ఉండవచ్చు. అందుచేత కొత్తచిగురు గారు చెప్పిన మైనస్ 3 ఎక్కడ కొలిచినదో తెలియకుండా ఎవరమూ సలహా చెప్పలేము.

ఇంకొకటి, చెట్టు ముందురోజు ఏ స్థితిలో ఉందన్నది కూడా అంకెకు అందదు. ఫ్లోరిడాలో 1894 డిసెంబరు చివర వచ్చిన చలికి నారింజ తోటల కాయలు, ఆకులు పోయాయి గాని చెట్లు చాలావరకు బతికాయి. తరువాతి వారాలు వెచ్చగా ఉండడంతో చెట్లలో రసం ఎక్కి కొత్త చిగుళ్లు వచ్చాయి. 1895 ఫిబ్రవరిలో మళ్లీ గడ్డకట్టే చలి దిగేసరికి ఆ తోటలే మొదలంటా చచ్చాయి. ఆ తోటలవారు అనుభవం లేనివారు కారు.

రెండాకులు:
లిచీ పూయాలంటే కొంత చలి కావాలి, మామిడికి కూడా చల్లని రాత్రులే పూతను రప్పిస్తాయి. చలి మొత్తం శత్రువే అన్నట్టు మాట్లాడకండి.

పెరటికాపు:
రెండాకులు గారు చెప్పింది నిజం. మా పెరట్లో మామిడి పూతకు చలే కారణం.

నా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. మా పెరడు ఏటవాలుగా ఉంటుంది. ఎనిమిదేళ్లు రాత్రి చల్లగాలి దిగువకు జారిపోయేది, చెట్లు హాయిగా ఉండేవి. ఆ తరువాత దిగువనున్న పొరుగువారు నన్ను ఒక్క మాట అడగకుండా హద్దు పొడవునా నిండుగోడ కట్టారు. ఆ చలికాలమే చల్లగాలి గోడకు అడ్డుపడి మా పెరట్లో మడుగు కట్టింది, దిగువ వరుసలోని జామ రెండూ మాడిపోయాయి. ఎన్నిసార్లు చెప్పినా గోడ అడుగున రెండు కిటికీలంత ఖాళీ కూడా వదలలేదు. నేను చెప్పదలచుకున్నది ఏమంటే, చోటు సరైనదైతే చెట్టు నిలుస్తుంది, చంపేది మనుషుల నిర్లక్ష్యం. ప్రతి కొత్తవారినీ మీరు ఇలా భయపెడుతూ పోతే ఇక్కడ నాటేవారే మిగలరు.

చలిగాలి:
భయపెడుతున్నానన్నారు గనుక ఇన్నాళ్లూ రాయనిది రాస్తాను. నాలుగేళ్ల క్రితం ఇదే వేదికలో కొత్తచిగురు గారు అడిగినట్టే నేను అడిగాను. మెక్సికో జాతి అవకాడో మైనస్ 6 దాకా తట్టుకుంటుంది, నేలలో నాటండి, సందేహం అక్కరలేదు అని జవాబు రాసింది మీరే. ఆ అంకె ఎదిగిన చెట్టుకు అని అందులో లేదు. మూడో చలికాలంలో, మైనస్ 4 రాత్రి, చేతికి దొరికిన ప్లాస్టిక్ షీటు కప్పాను. తెల్లవారి తీసి చూస్తే షీటు తగిలిన ప్రతి ఆకు మీదా మంచు గాజుపొరలా అంటుకుని ఉంది. మధ్యాహ్నానికి ఆకులన్నీ ఉడికించిన ఆకుకూరలా నల్లబడి వేలాడాయి. వసంతం దాకా కత్తిరించకుండా ఆగాను, గోటితో బెరడు గీకి పచ్చదనం కోసం ప్రతివారం వెతికాను. అంటు కింద ఒక్క చోట తప్ప ఎక్కడా కనబడలేదు. ఆ సంగతి ఇక్కడ రాస్తే, ప్లాస్టిక్ కప్పడం మీ తప్పు అని ఒక్క వాక్యం రాసి వెళ్లిపోయారు. అది తప్పే, ఒప్పుకుంటాను. కాని నాటమని చెప్పిన రోజు ఆ మాట ఎందుకు చెప్పలేదు? మీ పంతొమ్మిదేళ్లలో చచ్చిన చెట్లెన్ని? ఒక్కసారైనా ఇక్కడ రాశారా?

అంటుకత్తి:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. ఆ ప్రశ్నకు మాత్రం జవాబు వినాలని నాకూ ఉంది.

పెరటికాపు:
రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. ఇప్పటి వరకు పదకొండు చెట్లు నాటాను, నాలుగు ఉన్నాయి. ఆ నాలుగూ గోడ పక్కవే. పోయినవాటిలో జామ రెండే పొరుగువారి గోడ వల్ల పోయాయి. మామిడి మూడింటిని రెండో ఏట, మూడో ఏట చలి తీసుకుపోయింది. బొప్పాయి రెండూ గడ్డకట్టకముందే చల్లటి తడినేలలో వేరుకుళ్లు వచ్చి కూలాయి. వీటి గురించి ఇక్కడ రాయలేదు, నిజమే. రాస్తే ఎవరూ నాటరని భయపడ్డాను. మీ అవకాడో సంగతిలో మీకు సరిగా జవాబు చెప్పవలసింది. చెప్పలేదు, క్షమించండి.

అయినా నా అభిప్రాయం మారలేదు. గోడ పక్క మామిడికి పన్నెండో ఏట తొమ్మిది కాయలు కాశాయి. ఆ తొమ్మిది కాయల కోసం పోయిన ఏడు చెట్లనూ మళ్లీ నాటమన్నా నాటుతాను.

చలిగాలి:
మీరు నాటుతారు, నాకు అభ్యంతరం లేదు. నాకు ఒక చెట్టు పోవడమంటే మరొకటి తెచ్చుకోవడం కాదు, మూడేళ్లు ప్రతి ఉదయం దాని ఆకు చూసి రోజు మొదలుపెట్టాను. అయిదేళ్లకొకసారి గట్టి చలి వచ్చే చోట వరుసగా అయిదు చలికాలాలు అది తగలకుండా గడిచే అవకాశం మూడింట ఒక వంతే. మీరు చెప్పే ఎదిగిన చెట్టు కావాలంటే మొక్క ముందు ఆ అయిదేళ్లూ దాటాలి. ఆ లెక్క కూడా చెప్పి, నాటాలో వద్దో వారినే నిర్ణయించుకోనిద్దాం. కుండీలో పెంచడం చిన్నతనమేమీ కాదు. ఫ్రాన్సులోని వెర్సాయ్ రాజప్రాసాదంలో 1684, 1686 మధ్య కట్టిన ఆరాంజరీలో, అంటే చెట్లను చలి నుంచి కాచే భవనంలో, నేటికీ నారింజ చెట్లను పెట్టెల్లోనే పెంచి, చలికాలమంతా హీటర్లు లేని ఆ మందపాటి గోడల మధ్య ఉంచుతున్నారు.

పెరటికాపు:
రాజుగారి దగ్గర పెట్టెలు మోసేవారు ఉండేవారు. ఆ లెక్క మాత్రం న్యాయమైనదే, ఇకనుంచి చెబుతాను.

కొత్తచిగురు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నా మైనస్ 3 వాతావరణ కేంద్రం చెప్పినదే, పెరట్లో ఎన్నడూ కొలవలేదు. మొక్కను ఈ ఏడాదికి ఒక సైజు పెద్ద కుండీలోకి మార్చి, రాత్రి కనిష్ఠాన్ని గుర్తుంచుకునే థర్మామీటర్లు రెండు తెచ్చి, ఒకటి గోడకు మూరెడు దూరంలో, మరొకటి పెరడు మధ్యలో మొక్క ఎత్తున కట్టాను. నిన్న రాత్రి గోడ పక్కన 1.5 డిగ్రీలు, మధ్యలో మైనస్ 1 చూపాయి.

చలిగాలి:
రెండున్నర డిగ్రీల తేడా చిన్నది కాదు. నిన్న రాత్రి ఆకాశం నిర్మలంగా ఉందా, మబ్బు పట్టిందా? గాలి ఉందా? అవి కూడా అంకె పక్కన రాసి పెట్టుకోండి.