సమస్య: మొసలి బాట నుండ ముదము గలిగె

మయామి మావయ్య:

ఈ వారం సమస్య ఇవ్వడం నా వంతు. ఆటవెలది నాలుగో పాదం ఇదిగో. ముందు మూడు పాదాలూ మీరు పూరించి, దారిలో మొసలి ఉంటే సంతోషమేమిటన్న ముడి విప్పాలి.

మొసలి బాట నుండ ముదము గలిగె

షరతు ఒక్కటే. పూరణలో సైకిలు కనపడాలి, కనీసం దాని బెల్లయినా వినపడాలి. ఈ పాదం నాకు సైకిలు సీటు మీదే తట్టింది మరి.

మొన్న జనవరిలో మా ఆవిడా నేనూ ఎవర్‌గ్లేడ్స్ జాతీయవనంలోని షార్క్ వ్యాలీకి వెళ్లాం. పేరు చూసి కంగారు పడకండి, అక్కడ సొరచేపా లేదు, లోయా లేదు. అంతా బల్లపరుపు నేల, కనుచూపుమేర రంపపు అంచుల గడ్డి. దాని మధ్య 15 మైళ్ల (24 కిలోమీటర్ల) చుట్టుదారి. సొంత కార్లు రానివ్వరు. ట్రాము బండెక్కాలి, నడవాలి, లేదా సైకిలు తొక్కాలి. సైకిళ్లు అక్కడే అద్దెకిస్తారు. పడమటి వైపు రోడ్డు తిన్నగా పోతుంది, పక్కనే కాలువ. చలికాలంలో అక్కడ వానలు తక్కువ. చుట్టుపక్కల నీళ్లు ఇంకిపోయేకొద్దీ మొసళ్లు ఆ కాలువ దగ్గరికి చేరతాయి, ఎండ కాచుకోవడానికి గట్టెక్కుతాయి. గట్టంటే ఏదో అనుకునేరు, మనం సైకిలు తొక్కే రోడ్డు అంచే.

మొదటిదాన్ని చూసి పేలిపోయిన లారీ టైరు అనుకున్నాను. నల్లగా, దుమ్ము కొట్టుకుని, వీపు మీద వరసలుగా గుబ్బలు, అచ్చం అరిగిపోయిన టైరు గీతల్లా. లారీలే రాని రోడ్డు మీద లారీ టైరెక్కడిదన్న అనుమానం రావద్దూ? రాలేదు. బాగా దగ్గరికి వచ్చాక ఆ టైరుకి కన్నుంది. కంటి మూల నుంచి పల్చటి పొర ఒకటి అడ్డంగా జారి, మళ్లీ వెనక్కి పోయింది. రెండు బ్రేకులూ ఒకేసారి నొక్కేశాను. 15 అడుగుల దూరంలో ఉండాలన్నది అక్కడి నియమం. నేను అప్పటికే లోపలికి వచ్చేశానని చూపుతోనే కొలుచుకున్నాను.

సరే, ఇక మీరు కానివ్వండి.

గోదారి గట్టు:

మొసలి అనగానే నాకు ఏనుగే గుర్తొస్తుంది, ఏం చేయను.

కరికి కాలు నొచ్చెఁ గాని హరియె వచ్చె
మడుగు దాటి ముక్తి మార్గ మబ్బె
బాధ యేమి యింకఁ బరముఁ జూపించెడి
మొసలి బాట నుండ ముదము గలిగె

మయామి మావయ్య:

మాస్టారూ, ధార బాగుంది. రెండో పాదంలో మడుగు, ముక్తి, మార్గం వరసగా జారిపోయాయి. కానీ సైకిలేదండీ?

గోదారి గట్టు:

హరి వచ్చాడంటే చేతిలో చక్రం ఉంటుంది కదయ్యా. సగం సైకిలు వచ్చినట్టే.

లఘువు:

నేను ఓర్లాండోలో ఎమ్మెస్ చదువుతున్నానండి. పద్యం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే తిట్టకుండా చెప్పండి.

ఫ్లోరిడాకు వచ్చి బైకు తొక్కుతు ఉంటె
రోడ్డు మీద ఒకటి రొమ్ము విరిచి
నోరు తెరిచి కసిగ నొసలు చిట్లించిన
మొసలి బాట నుండ ముదము గలిగె

గోదారి గట్టు:

బాబూ, మొదటి పద్యానికి గణాలన్నీ కుదిరాయంటే మాటలు కాదు. నా మొదటి పద్యంలో ఇంద్రగణాలకీ సూర్యగణాలకీ తేడాయే లేదు. ఇక తప్పులు. మొదటి పాదంలో యతి తప్పింది, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవలేదు. ‘ఫ్లో’కి ‘బై’ కుదరదు. హల్లులు ఒకే వర్గానివే, కానీ అచ్చులు కలవాలి కదా? ఓకారానికి ఉ, ఊ, ఒ, ఓ మాత్రమే చుట్టాలు. ‘తొక్కుతు ఉంటె’, ‘మీద ఒకటి’ అని అచ్చులు విడివిడిగా వదిలేశావు, పద్యంలో అలా వదలకూడదు. ఇంకో మాట, మా ఊళ్లో బైకంటే పెట్రోలు పోసేది. మొదటి పాదం ఇలా మార్చి చూడు.

ఫ్లోరిడాకు వచ్చి పొద్దున్నె తొక్కంగ

తొక్కేది సైకిలేనని ఎవరికైనా తెలుస్తుంది. తక్కినవి నువ్వే దిద్దుకో.

మయామి మావయ్య:

తమ్ముడూ, ఛందస్సు మాస్టారు చూశారు, మొసలి సంగతి నేను చెబుతా. పొట్ట నేలకానించి పడుకున్న జంతువు రొమ్మెలా విరుస్తుంది? చిట్లించడానికి దానికి నొసలేది? పైగా అది నోరు తెరిచేది కసితో కాదు. ఎండలో ఒళ్లు మరీ వేడెక్కితే నోరు బార్లా తెరిచి ఆ వేడి పోగొట్టుకుంటుంది. కోపం వస్తే బుస కొడుతుంది. బుస వినిపించిందంటే దగ్గరికి వెళ్లింది మనమేనన్నమాట. ఇంకో లోటు, నీ పద్యంలో ముదం ఎందుకు కలిగిందో తెలియలేదు. నాలుగో పాదాన్ని తెచ్చి అతికించావు, ముడి విప్పలేదు.

లఘువు:

అన్నా, తిట్టొద్దన్నాను కదా. మళ్లీ రాశాను.

ఫ్లోరిడాకు వచ్చి పొద్దున్నె తొక్కంగ
రోడ్డు మీద నొకటి రొష్టు లేక
నోరు తెరిచి యుండి నుదుటఁ గోపము లేని
మొసలి బాట నుండ ముదము గలిగె

గోదారి గట్టు:

భేష్! నుదురే లేదన్నవాడికి ‘నుదుటఁ గోపము లేని’ అని బదులిచ్చావు చూడు, అక్కడ పడ్డావు దారిలో.

బహుపరాక్:

సైకిలెక్కి తిరుగు సరదాలలో నుండ
భయముతోడ గుండె బాదుకొనియెఁ
గదలకున్న దానిఁ గాంచి బొమ్మ యనుచు
మొసలి బాట నుండ ముదము గలిగె

గోదారి గట్టు:

యతులు నిక్షేపంగా ఉన్నాయి. కానీ రబ్బరు మొసలి, కలలో మొసలి, సినిమాలో మొసలి, ఇవన్నీ సమస్యను పక్కనుంచి దాటుకుపోవడమే. ‘భర్తను చంపి’ అని సమస్య ఇస్తే ‘నాటకంలో’ అని పూరించినట్టుంటుంది. చెల్లుతుంది, మార్కులు తక్కువ.

మయామి మావయ్య:

నాకైతే ఈ పద్యం చదివితే నిజంగా భయం వేసింది. అక్కడికి వచ్చినవాళ్లలో సగం మంది అనేది ఇదే, ‘ప్లాస్టిక్‌దేమో’ అని. అరగంట చూసినా కదలదు మరి. కదలాల్సి వస్తే మాత్రం చూడగలిగినంత నెమ్మదిగా కదలదు. బహుపరాక్ గారూ, మీ పేరుకైనా న్యాయం చేయండి.

బహుపరాక్:

సరే సరే, బొమ్మను వెనక్కి తీసుకుంటున్నాను. మొసలి మీకే.

సైకిల్ చైను:

నాది క్రమాలంకారం. మూడు ప్రశ్నలకి నాలుగో పాదంలో వరసగా జవాబులు.

గజము పదముఁ బట్టి కదలనీనిది యేది?
మేకు టైరుఁ జొచ్చి మెలగు నెపుడు?
ఇంటి కొడుకు తిరిగి యిల్లు చేరగ నేమి?
మొసలి – బాట నుండ – ముదము గలిగె

గోదారి గట్టు:

పాతకాలం ఎత్తే అయినా శుభ్రంగా వేశారు. ‘బాట నుండ’ అన్న ముక్కకు విడిగా ప్రశ్న అల్లడం కష్టం, మీరు మేకుతో పని కానిచ్చారు. టైరు రావడంతో షరతూ తీరింది. ఒక్క ‘మెలగు’ మాత్రం యతి కోసం వచ్చిన అతిథి. టైరులో దిగిన మేకు మెలగదు, గుచ్చుకుని కూర్చుంటుంది.

సైకిల్ చైను:

ఒప్పుకుంటున్నా మాస్టారూ. ‘మే’కి సరిపడే క్రియ కోసం ఒక సాయంత్రమంతా వెతికాను.

మయామి మావయ్య:

మూడో పాదం దగ్గర కాసేపు ఆగిపోయాను. ఇంటికెళ్లి మూడేళ్లయింది. సమస్యకు సంబంధం లేని మాటే, వదిలేయండి.

మంజీర తీరం:

నాదో సందేహం. మావయ్య గారు చూసినవి అలిగేటర్లు. వాటిని మొసలి అనొచ్చా? మాది సంగారెడ్డి. మంజీర అభయారణ్యంలో మేం చిన్నప్పటి నుంచి చూస్తున్నవి మగ్గర్ జాతి మొసళ్లు. అలిగేటర్లు సహజంగా ఉండేది అమెరికాలోనూ చైనాలోనూ, అంతే. మన దేశంలో లేవు.

మయామి మావయ్య:

మంచి ప్రశ్న అమ్మా. మన భాషలో మొసలి, నెగడు, మకరం, నక్రం అని పేర్లు బోలెడున్నా ఈ తేడా చూపే మాట లేదు. మన నీళ్లలో లేనిదానికి పేరెందుకు పెడతారు? అలిగేటర్ మూతి వెడల్పుగా, గుండ్రంగా పార ముఖంలా ఉంటుంది. ఇక్కడి క్రొకడైల్‌ది సన్నగా కోసుగా ఉంటుంది, నోరు మూసినా కింది పళ్లలో నాలుగోది బయటికి కనపడుతుంది. ఆ రెండూ కలిసి బతికే చోటు ప్రపంచం మొత్తం మీద ఈ దక్షిణ ఫ్లోరిడా ఒక్కటే. అలిగేటర్ అన్న మాట కూడా స్పానిష్ వాళ్ల ‘ఎల్ లగార్తో’ నుంచి వచ్చింది. అంటే బల్లి! వాళ్లు బల్లి అనగా లేనిది మనం మొసలి అంటే తప్పేమిటి?

గోదారి గట్టు:

పైగా ‘అలిగేటరు బాట’ అంటే నాలుగో పాదం గణాలు మొత్తం కాలువలో పడతాయి.

మంజీర తీరం:

అయితే నా పూరణ.

అంతరించు ననుచు నంగలార్చినవారె
చట్ట మొకటి తెచ్చి చావు నాపి
కాచి రక్కజముగఁ గడకు సైకిలు ముందు
మొసలి బాట నుండ ముదము గలిగె

చిన్న వివరణ. తోళ్ల కోసం వేటాడీ వేటాడీ వీటిని అడుగంటించారు. 1967లో అంతరించిపోయే జాతుల పట్టికలోకి ఎక్కించి వేట ఆపారు. 20 ఏళ్లలో ఎంతగా కోలుకున్నాయంటే, 1987లో పట్టికలోంచి తీసేశారు. సైకిలుకు అడ్డం వచ్చేంతగా మిగిలాయంటే సంతోషించాలా, వద్దా? అదే నా ముడి, అదే విప్పడం.

గోదారి గట్టు:

ఈ వారం నేను వెతుకుతున్నది ఇదమ్మా. మొసలి నిజం, బాట నిజం, ముదమూ నిజం. బొమ్మ లేదు, కల లేదు, వైకుంఠం లేదు. నా పద్యం కూడా దీని ముందు నిలవదు. ‘అంగలార్చినవారె’ దగ్గర అచ్చు యతి ఎంత సహజంగా పడిందో గమనించారా? తప్పు పట్టాలి కాబట్టి ఒకటి పడతాను. ‘అక్కజముగ’, ‘సైకిలు’ ఒకే పాదంలో పంచె మీద టీషర్టు వేసుకున్నట్టున్నాయి.

మంజీర తీరం:

మా నాన్న అలాగే వేసుకునేవారు మాస్టారూ, బాగానే ఉండేది.

లఘువు:

మావయ్య గారూ, మీది ఏది? సమస్య ఇచ్చి తప్పించుకుంటే ఎలా?

మయామి మావయ్య:

ఇదిగో. కొంచెం సొంత గొడవ ఉంది ఇందులో. మా ఆవిడ పక్కపక్కన తొక్కుదామంది. నేనేమో ఎదురుగాలి మొదలయ్యేలోపు ఆ చుట్టుదారిలో ఎక్కి చూసే గోపురం చేరాలని దూసుకుపోయాను. రెండుసార్లు వెనక నుంచి పిలిచింది కూడా. ఆ టైరు కన్నార్పకపోతే గోపురం దాకా ఆగేవాడిని కాదు. మొసలి లేవదు, నేను కదలను, నీడ లేదు, సీసాలో నీళ్లు వేడెక్కిపోయాయి. పది నిమిషాలకు వెనక నుంచి బెల్లు వినపడింది.

వెనుక నాలి నుంచి వేగమై నే బోవ
ఆగినట్టి చోటి కామె వచ్చెఁ
జెమట తుడిచి నవ్వెఁ, జేయి పట్టుకొనియె
మొసలి బాట నుండ ముదము గలిగె

గోదారి గట్టు:

ఆహా! సమస్య ఇచ్చినవాడి దగ్గర సొంత తాళంచెవి ఉంటుందని అందుకే అంటారు. ‘వేగమై’ బాగోలేదు, మనిషి వేగం కాడు. ‘వేగాన నే బోవ’ అంటే రెండు త-గణాలు వరసగా పడి ఆ దూకుడు కూడా వినపడుతుంది. పోతే, ‘నే బోవ’ అని ఆపి ‘ఆగినట్టి’ అని అచ్చుతో ఎత్తుకున్నావు. పాదం మారింది కాబట్టి క్షమిస్తాను. లఘువు బాబు చూస్తున్నాడు, అలవాటు చేయకు.

మంజీర తీరం:

మావయ్య గారూ, పద్యం అత్తయ్య గారికి చూపించారా?

మయామి మావయ్య:

చూపించానమ్మా. మూడో పాదం అబద్ధమంది. తుడిచిన చెమట తనదట, నాది కాదట. నవ్విన మాట నిజమే కానీ, ‘నేను రెండుసార్లు పిలిస్తే ఆగలేదు, అది నోరు కూడా మెదపకుండానే ఆగారు’ అని నవ్విందట. వచ్చే వారం సమస్య తనే ఇస్తానంది. ఇచ్చేసింది కూడా. ఆటవెలదే, నాలుగో పాదమే.

మగఁడు మొసలి నోట మాట వినియె