మందం గుడ్డ మీద పై దారం పదే పదే తెగుతోంది, సాయం చేయండి

కాన్వాస్ సంచులు:
అందరికీ నమస్కారం. నాది సింగిల్ నీడిల్ లాక్‌స్టిచ్ ఇండస్ట్రియల్ మెషిన్, సర్వో మోటార్. కాన్వాస్ సంచులు కుడతాను. పది రోజులుగా పై దారం తెగుతోంది. పలచని గుడ్డ మీద ఏ ఇబ్బందీ లేదు. నాలుగు మడతలు కలిసే చోటికి రాగానే టప్పున తెగుతుంది. దారం టెన్షన్ (బిగువు) వదులు చేశాను, బిగించాను, మళ్ళీ వదులు చేశాను. మొదట ఎంత ఉండేదో ఇప్పుడు నాకే గుర్తు లేదు. దారం కోన్ కూడా మార్చాను. సూది 16 నంబరు, దారం పాలిస్టర్. సరుకు ఇవ్వాల్సిన రోజు దగ్గర పడుతోంది, రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు.

షర్టుల లైన్:
టెన్షన్ పూర్తిగా వదిలేసి, కొంచెం కొంచెంగా బిగిస్తూ రండి. మాకు పదిలో ఆరు సార్లు అక్కడే సరిపోతుంది.

పాత మెకానిక్:
నేను ఒప్పుకోను అన్నా. షర్టు గుడ్డకి అది సరిపోవచ్చు. పలచని గుడ్డ మీద బాగా కుట్టి, మందం దగ్గరే తెగుతోందంటే ముందు చూడాల్సింది టెన్షన్ కాదు. సంచులు కుట్టేవారూ, ఈసారి తెగగానే ఆ కొసని పారేయకండి. తెల్ల కాగితం మీద పెట్టి వెలుతురులో చూడండి. కత్తిరించినట్టు నున్నగా ఉందా, పీచు పీచుగా లేచిందా, చివర చిన్న గట్టి ఉండలా ఉందా? నున్నగా ఉంటే ఏదో పదునైన అంచు కోస్తోంది. పీచు లేస్తే ఎక్కడో రాసుకుంటోంది, లేదా సూది బెజ్జం చాలడం లేదు. ఉండ కట్టిందంటే వేడికి కరిగింది. మూడింటికీ మందు వేరు. దారం మీద ఏ టికెట్ నంబరు ఉందో కూడా చెప్పండి.

కాన్వాస్ సంచులు:
చూశాను. రెండు మూడు అంగుళాల మేర పీచు లేచి, చివర సన్నబడి తెగింది. ఉండ లేదు. కోన్ మీద టికెట్ 30 అని ఉంది. ఇదివరకు 50 వాడేదాన్ని. సంచి గట్టిగా ఉండాలని ఈ నెలే మార్చాను.

పాత మెకానిక్:
సగం జవాబు అక్కడే ఉందమ్మా. టికెట్ నంబరు తగ్గేకొద్దీ దారం లావు అవుతుంది. టెక్స్ లెక్క దీనికి తలకిందులు, నంబరు పెరిగితే లావు. వెయ్యి మీటర్ల దారం ఎన్ని గ్రాములుంటే అన్ని టెక్స్. టికెట్ 50 అంటే దాదాపు 60 టెక్స్, టికెట్ 30 అంటే దాదాపు 100. అంత లావు దారాన్ని 16 నంబరు సూదిలో పెడితే బెజ్జంలోనే నలిగిపోతుంది. కుట్టులో కూర్చునేలోపు దారంలోని ఒకే ముక్క బెజ్జంలోంచి పదుల సార్లు ముందుకీ వెనక్కీ పోయి వస్తుంది. ఒక్కసారి రాసుకుంటే ఏమీ కాదు, అన్నిసార్లంటే పీచు లేవక తప్పదు.

ఒక చిన్న పరీక్ష చేయండి. జానెడున్నర దారం కోసి విడి సూదిలోకి ఎక్కించి, రెండు కొసలూ పట్టుకుని ఏటవాలుగా సాగదీయండి. సూది తన బరువుకే జారాలి. మధ్యలో ఆగితే ఆ దారానికి ఆ సూది సరిపోదు. మీకు 18 కావాలి, మడతలు మరీ ఎక్కువైతే 20. కొనేటప్పుడు మీ మెషిన్ డీబీ×1 సూదిదా, డీపీ×5 సూదిదా చూసుకోండి. రెండో దాని కాడ లావు, ఒకదాని చోట ఇంకొకటి పట్టదు.

జీన్స్ లైన్:
సూది మార్చేటప్పుడు ఇంకో మాట. ఇంటి మెషిన్ సూదికి కాడ ఒకవైపు చదునుగా ఉంటుంది కాబట్టి తప్పుగా పెట్టలేం. ఇండస్ట్రియల్ సూది కాడ గుండ్రం, ఎటు తిప్పితే అటు కూర్చుంటుంది. కొత్తగా వచ్చిన పిల్లలు పెట్టిన సూదులు కొంచెం తిరిగి ఉండడం నేను చాలాసార్లు సరిచేశాను. బెజ్జం పైన ఒకవైపు పొడవాటి గాడి ఉంటుంది, రెండో వైపు చిన్న గుంట. దారం ఏ వైపు నుంచి ఎక్కిస్తారో గాడి ఆ వైపు ఉండాలి, గుంట హుక్ వైపు, అంటే కింద తిరుగుతూ పై దారం లూప్‌ని అందుకునే భాగం వైపు. సూది గుడ్డలోకి దిగేటప్పుడు దారం ఆ గాడిలో దాక్కుంటుంది. సూది తిరిగి ఉంటే గాడి బయటే నలుగుతుంది, పైకి లేచేటప్పుడు లూప్ కూడా సరిగా విచ్చుకోదు. స్క్రూ బిగించేముందు సూదిని పైదాకా తోశారో లేదో చూడండి.

కాన్వాస్ సంచులు:
ఇద్దరికీ ధన్యవాదాలు. పరీక్షలో 16 సూది మధ్యలోనే ఆగిపోయింది, 18 జారింది. నా సూది కొంచెం తిరిగి కూడా ఉంది. మార్చి, టెన్షన్ మొదటి నుంచి సరిచేసుకుని రేపు కుట్టి చెబుతాను.

తోలు పని:
ఈలోగా దారం స్టాండ్ కూడా చూడండక్కా. కోన్ నడినెత్తికి సూటిగా పైన కొక్కెం ఉండాలి. మా దగ్గర ఎవరో కదిపితే అది పక్కకి జరిగింది, ప్రతి చుట్టుకీ దారం కోన్ అంచుకి తగులుకుని గుంజింది. రెండు రోజులు మెషిన్‌ని తిట్టుకున్నాం. నున్నటి దారమైతే కోన్ మీంచి జారి కింద పీఠానికి చుట్టుకుంటుంది. వల తొడిగితే ఆగుతుంది.

కాన్వాస్ సంచులు:
నిన్న సగం రోజు ఒక్కసారి కూడా తెగలేదు. సంతోషంతో ఇక్కడ రాద్దామనుకునేలోపు మళ్ళీ మొదలైంది. ఇదివరకటంత తరచుగా కాదు. మడతల దగ్గర, ముఖ్యంగా వెనక్కి కుట్టి ముడి వేసేటప్పుడు. పీచు మళ్ళీ అలాగే లేస్తోంది.

పాత మెకానిక్:
ఈ మధ్య సూది ఏమైనా విరిగిందా?

కాన్వాస్ సంచులు:
విరిగింది. మూడు వారాల క్రితం సంచికి వేసిన ఇనుప రింగు మీద పడి ముక్కలైంది. సూది మార్చి పని చేసుకున్నాను, అంతకుమించి ఆలోచించలేదు.

పాత మెకానిక్:
అయితే దెబ్బ నీడిల్ ప్లేట్‌కో హుక్‌కో తగిలి ఉంటుంది. కరెంటు ఆపేయండి. పాదం, ప్లేట్ విప్పండి. పాత నైలాన్ మేజోడు ముక్క ఉంటే తీసుకుని, ప్లేట్ రంధ్రం చుట్టూ లోపలి అంచు మీదుగా లాగండి. హుక్ మొన మీద, దారం జారే ఒంపు మీద కూడా నడపండి. వేలికి తెలియని గరుకు దానికి తెలుస్తుంది, పట్టిన చోట పోగు లేస్తుంది. గుడ్డ మందంగా ఉన్నప్పుడు సూది కొంచెం వంగి ప్లేట్ అంచుకి దగ్గరవుతుంది, వెనక్కి కుట్టేటప్పుడు ఇంకా ఎక్కువ. పలచని గుడ్డ మీద మీకు తెగకపోవడానికి కారణం ఇదే అయి ఉండాలి.

రంధ్రంలో గరుకు కనబడితే, గట్టి నూలు తాడుకి సన్నటి ఎమరీ పేస్టు రాసి రంధ్రంలోంచి ముందుకీ వెనక్కీ లాగండి. హుక్ మొనకైతే బాగా సన్నటి ఎమరీ కాగితంతో తేలిగ్గా నునుపు చేయాలి. ఆకురాయి వాడొద్దు. మొన మొండిబారితే లూప్ అందుకోలేదు, అప్పుడు కుట్లు తప్పుతాయి. ఎక్కువగా చితికి ఉంటే హుక్ మార్చడమే మేలు.

షర్టుల లైన్:
టైమింగ్, అంటే సూది, హుక్ కలిసే అదను, కూడా జరిగి ఉండొచ్చు కదా?

పాత మెకానిక్:
జరగొచ్చు. సూది ఇనుము మీద పడ్డప్పుడు హుక్ స్క్రూలు జారడం చూశాను. కానీ టైమింగ్ తప్పితే దారం తెగడం కన్నా కుట్లు తప్పడమే ముందు కనిపిస్తుంది. చూడాలంటే హ్యాండ్ వీల్ చేత్తో తిప్పండి. సూది అడుగుకి వెళ్ళి దాదాపు 2 మిల్లీమీటర్లు పైకి లేచేసరికి, హుక్ మొన సూది మధ్యకి రావాలి, బెజ్జం పై అంచుకి కొద్దిగా పైన. హుక్, సూది తగలకూడదు, కానీ మధ్య సందు మిల్లీమీటరులో పదో వంతు కూడా దాటకూడదు. ఇది కుదిరి ఉంటే టైమింగ్ ముట్టుకోకండి.

కాన్వాస్ సంచులు:
దొరికింది! రంధ్రం వెనక అంచు మీద చిన్న గాటు. కళ్ళకి సరిగా కనబడలేదు, మేజోడు ముక్క మాత్రం ప్రతిసారీ అక్కడే పట్టింది. హుక్ నున్నగానే ఉంది. తాడు, పేస్టుతో గంటసేపు లాగాను. టైమింగ్ మీరు చెప్పినట్టే ఉంది.

జీన్స్ లైన్:
చాలా మంచి వార్త. కొస ఉండ కట్టే రకం గురించి కూడా ఇక్కడ రాసి పెడతాను, ఎవరికైనా పనికొస్తుంది. పాలిస్టర్ 250 నుంచి 260 డిగ్రీల మధ్య కరుగుతుంది. మందం గుడ్డ మీద ఆగకుండా వేగంగా కుడితే సూది అంతవరకూ వేడెక్కగలదు. కదులుతున్నంతసేపూ దారం తట్టుకుంటుంది, కుట్టు ఆపిన క్షణంలో బెజ్జంలో ఉన్న ముక్క కరిగి, మళ్ళీ మొదలుపెట్టగానే తెగుతుంది. ఆపి మొదలుపెట్టినప్పుడే తెగుతోందంటే వేడిని అనుమానించండి. సర్వోలో వేగం తగ్గించి చూస్తే తేలిపోతుంది. మేం దారానికి సిలికాన్ ఆయిల్ పట్టించి, సూదికి గాలి తగిలే గొట్టం పెట్టాం. మెషిన్ ఆయిల్ మాత్రం దారానికి రాయొద్దు, గుడ్డ మీద మరక పడుతుంది.

తోలు పని:
నాకు పైది కాదు, కింది దారం తెగుతుంది. దానికీ ఇదే మార్గమా?

పాత మెకానిక్:
కాదు. బాబిన్ కేస్ (కింది దారం చుట్టిన బాబిన్ ఉండే డబ్బీ) విప్పి టెన్షన్ పత్తీ (సన్నటి రేకు స్ప్రింగు) కింద నుసి తీయండి, సూదితో కాదు, మందపాటి కాగితం అంచుతో. బాబిన్ అంచులు వంగి ఉంటే పారేయండి. నిండుగా పొంగిపోయేలా చుట్టకండి. తర్వాత కేస్‌ని దారం పట్టుకుని వేలాడదీసి చిన్నగా కుదపండి, కొద్దిగా దిగి ఆగాలి. ఆగకుండా దిగిపోతే వదులు, కదలకపోతే బిగువు. ఇవన్నీ బాగుంటే అప్పుడు కేస్ దారం జారే అంచున గరుకు ఉందేమో చూడండి.

కాన్వాస్ సంచులు:
మూడో రోజు. నలభై సంచులు పూర్తయ్యాయి, దారం ఒక్కసారి తెగింది, అదీ కోన్ చివరి చుట్ల దగ్గర. కొత్త ప్లేట్ కూడా తెప్పిస్తున్నాను, నునుపు చేసినది ఎన్నాళ్ళు ఆగుతుందో చూసి మారుస్తాను. రింగు ఇక కుట్టు అయ్యాకే వేస్తున్నాను.