గవర్నమెంట్ బళ్ళో ఒకటో తరగతి: సొంత పిల్లల్ని పంపినవాళ్ళు చెప్పండి (బెంగళూరు, కె.ఆర్.పురం వైపు)

బాపట్ల_కోడలు:
నమస్తే అందరికీ. మేము కె.ఆర్.పురం దగ్గర ఉంటాం, వచ్చి నాలుగేళ్ళయింది. పాప యూకేజీ అయిపోయింది, జూన్ 1కి ఆరు నిండుతాయి కాబట్టి వయసు గొడవ లేదు. ఇప్పుడు చదివే ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతికి ఫీజు, వ్యాను, పుస్తకాలు అన్నీ కలిపి లక్షా పది వేలన్నారు. మావారి జీతంలో అద్దె, ఊళ్ళో అత్తయ్యగారి మందులు పోగా మిగిలేదెంతో మీరే ఊహించుకోండి. ఇంటి వెనక వీధిలోనే గవర్నమెంట్ స్కూలుంది, ఏడో తరగతి దాకా. మా ఓనరాంటీ మనవళ్ళిద్దరూ అక్కడే చదివారు, ఒకడు ఇప్పుడు డిప్లొమా చేస్తున్నాడు. ఆవిడ ధైర్యం చెప్తే మొన్న మంగళవారం వెళ్ళి చూసొచ్చాను.

చూశాక టెన్షన్ పెరిగింది. ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లల్ని ఒకే గదిలో కలిపేశారు. బెంచీలు లేవు, కింద గుంపులు గుంపులుగా కూర్చున్నారు, చేతుల్లో ఏవో కార్డులు. టీచర్ ఒక గుంపు దగ్గర కూర్చుని చెబుతోంది, మిగతావాళ్ళు వాళ్ళ పాటికి వాళ్ళేదో చేసుకుంటున్నారు, ఒకడైతే చెప్పు తిరగేసి కారులా నడుపుతున్నాడు. టీచర్లు చాలక ఇలా కలిపేశారా అని అడగబోయి మొహమాటపడి వచ్చేశాను. హెడ్‌మిస్ట్రెస్ బాగానే మాట్లాడారు, ఇంగ్లీష్ మీడియం సెక్షన్ కూడా ఉందన్నారు. మావారిది మాత్రం "ఊళ్ళో తెలిస్తే ఏమనుకుంటారు" అని ఒకటే పాట (ఆయన పదో తరగతి దాకా చదివింది జిల్లా పరిషత్ స్కూల్లోనే, అది వేరే సంగతి).

ప్రైవేటులో ఆర్‌టీఈ సీటు (విద్యాహక్కు చట్టం కింద ఇచ్చే ఫ్రీ సీటు) దొరికే దారి ఉందా? అది కూడా చెప్పండి. "మా పనమ్మాయి పిల్లలు వెళ్తారు, బాగానే ఉంటుందట" లాంటి జవాబులు మాత్రం వద్దు.

మడకశిర_అమ్మ:
మా ఇద్దరూ గవర్నమెంట్ బడే. పెద్దోడు ఐదో తరగతి, చిన్నది రెండో తరగతి. మీరు చూసింది టీచర్లు లేక చేసిన పని కాదండీ, దాన్ని నలి-కలి అంటారు, ఆడుతూ పాడుతూ నేర్చుకోవడం అని. ఇక్కడి గవర్నమెంట్ బళ్ళలో మూడో తరగతి దాకా అదే పద్ధతి. ఈసారి వెళ్తే గోడ మీద చూడండి, నిచ్చెన బొమ్మ ఉంటుంది. ఒక్కో మెట్టుకీ ఒక్కో గుర్తు. ఏ పిల్ల ఏ మెట్టు మీదుందో దానికి తెలుసు, ఆ గుర్తున్న కార్డు తనే వెతికి తెచ్చుకుని ఆ గుంపులో కూర్చుంటుంది. కొత్త పాఠం నేర్చుకునేవాళ్ళు టీచర్ దగ్గర, కొంచెం వచ్చినవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటూ, బాగా వచ్చినవాళ్ళు సొంతంగా. మా చిన్నదాన్ని జాతరకని ఊరికి తీసుకెళ్తే పన్నెండు రోజులు బడి పోయింది, తిరిగొచ్చి అదే మెట్టు దగ్గర మొదలుపెట్టింది. అదే ప్రైవేటులో అయితే ఆ పన్నెండు రోజుల నోట్సూ రాత్రి పదింటిదాకా కూర్చుని నేను రాయాల్సొచ్చేది.

ఇంట్లో గ్లాసు పాలు తాగించాలంటే యుద్ధం, బళ్ళో వందమందితో పాటు గటగటా తాగేస్తారు. 2013లో పెట్టారు క్షీరభాగ్య అని, పొద్దున్నే తలా 150 మిల్లీలీటర్లు. గుడ్డు కూడా ఇస్తారు, వద్దన్నవాళ్ళకి అరటిపండు. మధ్యాహ్నం భోజనం మా బడికి ఉల్లి, వెల్లుల్లి లేకుండా వస్తుంది, సాంబారు తియ్యగా ఉంటుందని మావాడి గోల. వాడి కోసం బాక్సు మూతలో కాస్త ఆవకాయ పెట్టి పంపిస్తే మిస్ చూసి "నాకేదీ?" అని అడిగారట.

కన్నడ గురించి భయపడకండి, అక్షరాలు సగం మనవే. మా చిన్నది మొదట్లో అన్నిటికీ మన తలకట్టే పెట్టేది, వాళ్ళది టిక్కులా ఉండదు, గీత పడుకుని ఉంటుంది. మిస్ రోజూ ఎర్రపెన్నుతో సున్నా చుట్టేవారు. దానికి దిద్దిస్తూ దిద్దిస్తూ నేను బస్సు బోర్డులు చదవడం నేర్చుకున్నాను.

సిల్క్‌బోర్డ్_బాధితుడు:
పైన మేడమ్‌గారి అదృష్టం బాగుంది. నాది వేరే కథ, ఓపికుంటే చదవండి.

మా అమ్మాయిని రెండేళ్ళు పంపాను. మీలాగే చూసొచ్చి, మీకంటే ఎక్కువ ఉత్సాహంతో, ఆఫీసులో అందరికీ గొప్పగా చెప్పుకుని మరీ. మొదటి ఏడు నిజంగా బాగుంది, ఆ టీచర్ బంగారం. రెండో ఏడు ఆగస్టులో ఆవిడకి బదిలీ అయింది. ఆ కుర్చీలో మనిషి కూర్చునేసరికి డిసెంబరు. మధ్యలో పక్క తరగతి సార్ వచ్చి హాజరు వేసి, బోర్డు మీద ఎక్కాలు రాసి వెళ్ళిపోయేవాడు. ఆయన్ని అని లాభం లేదు, ఆయనకి ఓటరు లిస్టు పని, బ్యాంకు పని, గుడ్ల లెక్క. 2025 దసరా సెలవులైతే సర్వేకి టీచర్లు కావాలని అక్టోబర్ 18 దాకా పొడిగించారు, గుర్తుందా? ప్రైవేటు స్కూలు పిల్లలు బడికి పోతుంటే మా అమ్మాయి బాల్కనీలోంచి చూసేది.

నలి-కలి మంచిదే, కాదనను. కానీ అందులో అంతా టీచరే. టీచర్ లేకపోతే ఆ కార్డులు ఉత్త అట్టముక్కలు.

ఇంగ్లీష్ మీడియం అన్నారు కదా, ఆ పుస్తకాలు ఓసారి తిరగేయండి. లెక్కల పుస్తకంలో ఇంగ్లీషు, కన్నడ రెండూ ఉంటాయి. మా బళ్ళో చెప్పడం మొత్తం కన్నడలో, రాయడం ఇంగ్లీషులో. కొందరు పిల్లలకి అది మంచిదే కావచ్చు, ఇంట్లో తెలుగు మాట్లాడే మా అమ్మాయి మాత్రం రెండిటికీ చెడింది.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర్లో చెబుతున్నాను. బాత్రూమ్‌లో నీళ్ళు రావు. అమ్మాయి పొద్దున్నుంచీ నీళ్ళు తాగకుండా బిగబట్టుకుని ఇంటికొచ్చేది, ఆ సంగతి మాకు జ్వరమొచ్చి డాక్టర్ అడిగేదాకా తెలీదు. ఆ వారమే మాన్పించాను. మీరు క్లాసు చూశారు, బాత్రూమ్ చూశారా?

మడకశిర_అమ్మ:
@సిల్క్‌బోర్డ్_బాధితుడు అయ్యో, బాత్రూమ్ సంగతి నిజమే. మా దగ్గరా ట్యాంకు ఎండిపోయేది, తల్లులం నలుగురం రోజూ హెడ్‌మాస్టర్ గది ముందు నిలబడితే పదిహేను రోజులకి మోటారు బాగైంది. నేను ఇంట్లో ఉంటాను కాబట్టి కుదిరింది.

చాక్‌పీసు_చేతులు:
నేను గెస్ట్ టీచర్‌ని, ఎనిమిదేళ్ళుగా. అంటే ప్రతి ఏడూ కొత్తగా పెట్టుకుంటారు, మార్చిలో పంపించేస్తారు. నా సొంత కొడుకు నేను పనిచేసే బళ్ళోనే చదివాడు, కాబట్టి జవాబివ్వడానికి అర్హత ఉందనుకుంటున్నాను.

మీ ఇద్దరూ చెప్పిందీ నిజమే, వినడానికే రెండు వేరే లోకాల్లా ఉంది. నలి-కలి 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకాలో మొదలైంది, టీచర్లే కూర్చుని తయారుచేసుకున్న పద్ధతి. అంత శ్రద్ధగా చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, కార్డుల పెట్టె తాళం తీయనివాళ్ళూ ఉన్నారు. గోడ మీద నిచ్చెన చూడమన్నారు కదా, అది చూసి ఊరుకోకండి. కార్డుల అంచులు చూడండి. నలిగి, మూలలు మడతలు పడి ఉంటే వాడుతున్నారని అర్థం. కొత్తగా మెరిసిపోతున్నాయంటే అనుమానించాలి.

హెడ్‌మిస్ట్రెస్‌ని మొహమాటం లేకుండా అడగాల్సింది, బళ్ళో మొత్తం పిల్లలెందరు అని. ఆర్‌టీఈ చట్టం లెక్కలో ఒకటి నుంచి ఐదు దాకా అరవై మందిలోపు ఉంటే ఇద్దరు టీచర్లు చాలు. అంటే ఐదు తరగతులకి ఇద్దరు! అందులో ఒకరు హెడ్‌మిస్ట్రెస్, ఆవిడ సగం రోజు ఫైళ్ళతోనే. అదే నూట ఇరవై దాటితే ఐదుగురు. పిల్లలు తగ్గితే టీచర్ని ఇంకో బడికి మారుస్తారు, టీచర్ పోతే పిల్లలు ఇంకా తగ్గుతారు, ఇది నా కళ్ళ ముందే రెండు బళ్ళలో జరిగింది. ఉన్నవాళ్ళలో పర్మనెంట్ ఎందరు, నాలాంటి గెస్టులు ఎందరు అని కూడా అడగండి, మాకేం బాధ లేదు.

ఇంకోటి, నాలుగో తరగతి. మూడేళ్ళు కార్డులతో అలవాటుపడిన పిల్లలకి అక్కడ ఒక్కసారిగా పాఠ్యపుస్తకం, వరసగా కూర్చోవడం. చాలామంది తల్లిదండ్రులు "మూడు దాకా బాగుంది, తర్వాత చెడిపోయాడు" అనేది అక్కడే. నాలుగు, ఐదు ఎవరు చెబుతారో వాళ్ళని కలవండి.

ఆర్‌టీఈ సీటు మీద ఆశ పెట్టుకోకండి. 2019 నుంచి ఇక్కడ రూలు మారింది, దగ్గర్లో గవర్నమెంట్ బడి గానీ ఎయిడెడ్ బడి గానీ ఉంటే ప్రైవేటులో ఆ సీటు ఇవ్వరు. మీకు వెనక వీధిలోనే ఉందాయె.

రాయదుర్గం_మేస్త్రి:
అందరివీ చదివినా. మేము సెంట్రింగ్ పని చేసేటోళ్ళం, సైటు ఎక్కడుంటే కాపురం అక్కడ. మా పిల్లోడు మూడేండ్లలో మూడు బళ్ళు మారినాడు, మూడూ గవర్నమెంటువే. ఒకసారి నవంబర్‌లో పోయినాము, చేతిలో టీసీ లేదు, ఊరినించి రావాల. ఆ మేడమ్ టీసీ తర్వాత తెచ్చుకోండి, పిల్లోడిని ఈరోజే కూర్చోబెట్టండి అనింది. టీసీ లేదని వెనక్కి పంపకూడదని చట్టంలోనే ఉందంట, అది మాకు ఆమె చెబితేనే తెలిసింది. ఇంకో బళ్ళో మావాడిని వెనక వరసలో వేసి ఏడాదంతా పేరు కూడా అడగలేదు. అదీ చూసినా, ఇదీ చూసినా.

మీకు నచ్చకపోతే మానిపించి ఇంకో దాంట్లో వేస్తారు. మాకు ఆ లెక్క లేదు. తల్లులు పోయి నిలబడినారు, మోటారు బాగైంది అని రాసినారు కదా అక్కా, సంతోషం. మేము అట్లా పోవాలంటే ఒకరోజు కూలీ పోతాది. ఎస్‌డీఎంసీ మీటింగు, అదే తల్లిదండ్రులుండే బడి కమిటీ మీటింగు అని చీటీ పంపుతారు, పగలు పదకొండు గంటలకి పెడతారు. ఆ టైమ్‌కి స్లాబు మీద ఉంటాము. మీ పాపని ఆడ వేస్తే ఆ మీటింగుకి మటుకు పోండి.

బాపట్ల_కోడలు:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇవాళ మళ్ళీ వెళ్ళాను, ఈసారి మొహమాటం ఇంట్లో పెట్టి. మొత్తం 143 మంది పిల్లలు, టీచర్లు ఆరుగురు, అందులో ఇద్దరు గెస్టులు. కార్డులు బాగా నలిగి ఉన్నాయి, కొన్నిటికి టేపు కూడా వేశారు. బాత్రూమ్‌లో నీళ్ళున్నాయి కానీ ఆడపిల్లల వైపు ఒక తలుపుకి గడియ లేదు. ఆ మాట అంటే హెడ్‌మిస్ట్రెస్ నా ఎదురుగానే ఎవరికో ఫోన్ చేశారు, చూద్దాం. నాలుగో తరగతి సార్ ఇవాళ సెలవట.

@రాయదుర్గం_మేస్త్రి అన్నా, మీరన్నది చదివాక రెండు మూడు సార్లు ఏదో రాయబోయి తుడిపేశాను. మీటింగుకి వెళ్తాను.

మావారు శనివారం పూటబడి కదా, ఆ పొద్దున తనే వచ్చి చూస్తానన్నారు. గడియ పెట్టారో లేదో ఆ రోజే చూసొచ్చి రాస్తాను.