‘మారణాయుధాలతో దోపిడీ’: ఈ ‘తో’కి అర్థమేమిటి?

ప్రశ్న:
కోర్టు కాగితాలు తెలుగు చేస్తుంటాను. ఒక అభియోగంలో ‘ఏ1 నుంచి ఏ4 వరకు నిందితులు మారణాయుధాలతో దోపిడీకి పాల్పడ్డారు’ అని రాశాను. సీనియర్ గారు ‘తో’ కింద ఎర్రగీత గీసి వెనక్కి పంపారు. పేపర్లలో రోజూ కనిపించే వాక్యమే కదండీ, ఇందులో తప్పేముంది?

తెలుగు మాస్టారు:
చేతన్, చేన్, తోడన్, తోన్ అని బళ్లో వల్లె వేయించిందే, తృతీయా విభక్తి. ‘కత్తితో వచ్చాడు’, ‘కత్తితో పొడిచాడు’ చూడండి. మొదటిదాంట్లో కత్తి వెంట ఉంది, అంతే. రెండోదాంట్లో కత్తి పనిచేసింది. ప్రత్యయం ఒకటే అయినా క్రియని బట్టి మనకి తేడా తెలిసిపోతుంది. ‘పాల్పడ్డారు’ అనే క్రియ మాత్రం ఏమీ తేల్చదు. వెంట తెచ్చుకున్నారా, వాడారా? పైగా ‘ఆయుధాలు’ బహువచనం, ‘నిందితులు’ బహువచనం. ఎవరి చేతిలో ఏముందో ఆ భగవంతుడికే తెలియాలి.

న్యాయవాది:
మాస్టారు చెప్పిన తేడా మీదే ఎన్నో అప్పీళ్లు నడిచాయి. ఐపీసీ (పాత భారత శిక్షాస్మృతి) 392వ సెక్షన్ దోపిడీకి శిక్ష చెబుతుంది. దానికి 397 తోడైతే కనీసం ఏడేళ్లు, అంతకంటే తగ్గించడానికి వీల్లేదు. ఆ 397లో ఉన్న మాట మారణాయుధాన్ని ‘ఉపయోగిస్తే’ అని. పక్కనే ఉన్న 398 దోపిడీ ప్రయత్నానికి సంబంధించింది, అక్కడ మాట ఆయుధం ‘ధరించి ఉంటే’ అని. చట్టం రెండు మాటలు వాడిన చోట మన ‘తో’ రెండింటినీ కలిపేస్తోంది. (2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకు ఈ 397, 398లే కొత్త శిక్షాచట్టం బీఎన్‌ఎస్‌లో 311, 312.)

ఉపయోగించడం అంటే పొడవాలా, కాల్చాలా? అక్కర్లేదు. ఫూల్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 1975లోనే చెప్పింది. అది పెట్రోల్ బంకు దోపిడీ. అతని చేతిలో కత్తి ఉంది, ఎవరినీ పొడవలేదు. బాధితులకు కనబడేలా, వాళ్లు భయపడేలా పట్టుకుంటే చాలు, అదీ ఉపయోగించడమే అంది కోర్టు. అంటే జేబులో మడిచి పెట్టుకున్న కత్తి లెక్క వేరు, మెడ దగ్గర ఆడించిన కత్తి లెక్క వేరు.

ఇక అసలు చిక్కు. 397 ఎవరు ఆయుధం వాడారో వాళ్లకే అంటుకుంటుంది. నలుగురూ ఒకే ఉద్దేశంతో వచ్చారు కదా అని సెక్షన్ 34 పట్టుకొచ్చి మిగిలిన ముగ్గురికీ ఆ ఏడేళ్లు తగిలించడం కుదరదు. మధ్యప్రదేశ్‌కి చెందిన రామ్ రతన్ కేసులో 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ కారణంతోనే అతని మీద 397ని తీసేసింది. ఆయుధం వాడింది మరొకడు. కాబట్టి ‘ఏ1 నుంచి ఏ4 వరకు’ అని మూటగట్టి రాస్తే, ఏ3కి తన మీద మోపింది దోపిడీయా, ఆయుధం వాడిన దోపిడీయా అన్నది తెలియదు. అభియోగాన్ని నిందితుడికి చదివి, వివరించి, ఒప్పుకుంటావా అని అడగాలని చట్టం. మన జిల్లా కోర్టుల్లో ఆ వివరించేది తెలుగులోనే కదా! మీ సీనియర్ గీసిన గీత చాదస్తం కాదు.

ఒక సభ్యురాలు:
అయితే లాయరు గారూ, ఒక్క ‘తో’ వల్ల దొంగ కేసు కొట్టేయించుకుని ఇంటికెళ్లిపోతాడా? వినడానికే టెన్షన్‌గా ఉంది.

న్యాయవాది:
వెళ్లడమ్మా. అభియోగంలో లోపం ఉన్నంత మాత్రాన తీర్పు చెల్లకుండా పోదు. ఆ లోపం వల్ల నిందితుడు నిజంగా తప్పుదారి పట్టాడా, న్యాయానికి భంగం కలిగిందా అని అప్పీలు కోర్టు చూస్తుంది. సుప్రీంకోర్టు స్లేనీ కేసు, 1955 నుంచీ ఇదే దారి. నేర విచారణ పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 215, 464 సెక్షన్లు, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 238, 510.

215 కింద ఇచ్చిన ఉదాహరణలు ఈ గ్రూపువాళ్లు చదవాల్సినవి. ఖోదా బక్ష్‌ని జనవరి 21న చంపావని ఒకడి మీద అభియోగం. నిజానికి చనిపోయింది హైదర్ బక్ష్, అదీ 20న. పేరూ తప్పే, తేదీ తప్పే! కానీ అతని మీద ఉన్నది ఒకే హత్య కేసు, మేజిస్ట్రేటు విచారణంతా హైదర్ బక్ష్ గురించే సాగింది, అతను విన్నాడు. కాబట్టి తప్పుదారి పట్టలేదని కోర్టు అనుకోవచ్చు. ఆ వెంటనే ఇంకో ఉదాహరణ. ఈసారి అతను ఇద్దరినీ చంపాడని ఆరోపణ. అభియోగం హైదర్ బక్ష్ హత్య మీద, విచారణ ఖోదా బక్ష్ హత్య మీద. తన తరఫున తెచ్చుకున్న సాక్షులు హైదర్ బక్ష్ కేసు సాక్షులు. ఇక్కడ పాపం నిజంగానే తప్పుదారి పట్టాడు.

ఇంకో సభ్యుడు:
ఏ2 ఇంట్లో కత్తి దొరికిందనుకోండి. మధ్యవర్తుల నివేదికలో (పంచనామాలో) రాశారు, సంతకాలున్నాయి. ఇంకేం కావాలి?

న్యాయవాది:
కత్తి దొరకడం వేరు, వాడినట్టు రుజువు కావడం వేరు. ‘ఇతనే నా మీదికి ఈ కత్తి ఎత్తాడు’ అని బాధితుడు బోనులో చెప్పాలి. అంతకుముందు ముఖపరిచయం లేనివాడైతే గుర్తింపు పరేడ్ జరిగిందా, అంతకంటే ముందే స్టేషన్లో చూపించేశారా అని డిఫెన్సు వాళ్లు తప్పకుండా అడుగుతారు. పోయిన గొలుసు కొద్దిరోజుల్లోనే ఒకడి దగ్గర దొరికితే, సరైన సంజాయిషీ లేకపోతే, దొంగో, దొంగసొత్తని తెలిసి తీసుకున్నవాడో అని కోర్టు ఊహించవచ్చు. ఆ ఊహ గొలుసు దాకా వస్తుంది గానీ, కత్తి ఎవరు ఎత్తారో చెప్పదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఇలా మార్చాను (పి.డబ్ల్యు.1 అంటే మొదటి సాక్షి, ఇక్కడ బాధితుడు): ‘ఏ2 తన చేతిలోని కత్తిని పి.డబ్ల్యు.1 మెడ దగ్గర పెట్టి బెదిరించగా, ఏ1, ఏ3, ఏ4 అతని వద్దనున్న నగదును బలవంతంగా తీసుకున్నారు.’ మాస్టారూ, ‘తో’ ఎక్కడా లేదు!

తెలుగు మాస్టారు:
బాగుంది. ‘వద్దనున్న’ బదులు ‘దగ్గరున్న’ అంటే చదివి వినిపించినప్పుడు ఇంకా హాయిగా ఉంటుంది.

న్యాయవాది:
పి.డబ్ల్యు.1 కాదండీ, ఎల్.డబ్ల్యు.1 (లిస్టులోని సాక్షి). బోనెక్కి సాక్ష్యం చెప్పాకే పి.డబ్ల్యు. (ప్రాసిక్యూషన్ సాక్షి) అవుతారు. అభియోగం నాటికి ఆయన ఇంకా ఛార్జిషీటు లిస్టులోనే ఉంటారు.