ఆక్వా చెరువుకి అనుమతి ఎవరివ్వాలి? పంచాయతీకి మాట ఉండొద్దా?

లంకవాసి (అమలాపురం దగ్గర):
మా ఊరి మంచినీటి చెరువు పక్కనే వరి చేలు తవ్వి రొయ్యల చెరువులు వేశారు. రెండేళ్లు తిరిగేసరికి వీధి బోరు నీళ్లు ఉప్పగా మారాయి. ఇంకో చెరువు వద్దని గ్రామసభలో తీర్మానం రాసి పై ఆఫీసుకి పంపాం. సర్పంచ్ గారు నాలుగుసార్లు తిరిగితే ‘అది మీ పరిధి కాదు’ అన్నారు.

రాజ్యాంగం 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగ్గ అంశాలు 29 ఉన్నాయి. 5వది మత్స్య పరిశ్రమ, 11వది తాగునీరు. మా గొడవ సరిగ్గా ఈ రెండిటి మధ్యే. గ్రామసభ ఒప్పుకోకుండా ఊళ్లో చెరువు తవ్వకూడదని నా వాదన. మీరేమంటారు?

చెరువుల రైతు (భీమవరం):
మీ బోరు సంగతి వింటే బాధగానే ఉందండి. కానీ అనుమతి పంచాయతీ చేతికిస్తే ఏమవుతుందో ఆలోచించండి. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ ఒక్క ఊరిది కాదు. పై ఊరు సరేనంటే అక్కడి చెరువుల మురుగు కింది ఊరికి పోతుంది. అప్పుడు కింది ఊరి గ్రామసభ ఏం చేస్తుంది? పైగా సర్పంచ్‌కి ఓటెయ్యని వాడి దరఖాస్తు ఏళ్ల తరబడి మూలన పడుతుంది. అంబేడ్కర్ గారు 1948లో రాజ్యాంగ సభలోనే ఊళ్లను సంకుచితత్వానికి నెలవులన్నారు. అప్పుచేసి చెరువు తవ్వినవాడికి కావాల్సింది ఒకే రూలు. అది జిల్లా స్థాయిలో ఉంటేనే అందరికీ సమానం.

రిటైర్డ్ పంచాయతీ కార్యదర్శి:
ఇద్దరూ అసలు ముడి వదిలేశారు. స్థానిక ప్రభుత్వం అనేది 7వ షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 5వ అంశం, అంటే దానిమీద చట్టం చేసేది రాష్ట్రమే. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చాక కూడా 243జి అధికరణం రాష్ట్రం అధికారాలు ‘ఇవ్వవచ్చు’ అంది కానీ ‘ఇవ్వాలి’ అనలేదు. ఆ ఒక్క మాట మీదే అంతా ఆగిపోయింది. ‘ఇవ్వాలి’ అన్నవి కూడా సరిగా జరగలేదు. అయిదేళ్లకోసారి ఎన్నికలు తప్పనిసరి. మన రాష్ట్రంలో 2018 ఆగస్టులో పాలకవర్గాల గడువు తీరితే ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. మధ్యలో రెండున్నరేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఆ రోజుల్లో ‘ఎవర్నడగాలి బాబూ’ అని ముసలివాళ్లు నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడేవారు. నా దగ్గర జవాబుండేది కాదు.

డబ్బు సంగతీ అంతే. 2021-26కి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇప్పించిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలన్నారు. ఊరికి కల్వర్టు అవసరమని సభ అంతా ఒక్కమాట మీద ఉన్నా ఆ వాటా దానికి వాడే వీలుండేది కాదు.

లంకవాసి:
చెరువుల రైతు గారూ, కింది ఊరి మాట నిజమేనండి, దానికి నా మొదటి పోస్టులో జవాబు లేదు. ఒకే మురుగు కాలువ మీదున్న పంచాయతీలన్నీ కలిసి కూర్చుని నిర్ణయించాలి. రూలు జిల్లాదే ఉండనివ్వండి, మా తీర్మానం లేకుండా ఫైలు కదలకూడదు. మురుగు కాలువలు పట్టించుకోకపోతే ఏమవుతుందో 2011లో చూశాం. కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. పూడిక తీయలేదన్నది అప్పటి ఫిర్యాదుల్లో ఒకటి. ఆ కాలువలు పంచాయతీవి కావు, చేలు మునిగింది మాత్రం మా ఊళ్లోనే.

కులం, పార్టీ గొడవలు ఉన్నాయి, కాదనను. పై ఆఫీసుల్లో మాత్రం లేవా? ఊళ్లో అయితే సర్పంచ్ గారి ఇంటి ముందు నిలబడి అడగొచ్చు. కేరళ 1996లో ప్రణాళిక నిధుల్లో మూడోవంతుకు పైగా స్థానిక సంస్థలకు ఇచ్చింది. అక్కడివీ మన ఊళ్లలాంటివే.

చెరువుల రైతు:
కాలువ వారీగా కూర్చోవడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ గడువుండాలి. నెలలోపు తీర్మానం రాకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. కాదంటే కారణం రాసివ్వాలి. దానిమీద అప్పీలు ఉండాలి.

రిటైర్డ్ పంచాయతీ కార్యదర్శి:
నెల చాలదు, రెండు నెలలు పెట్టండి. చేలల్లో పని రోజుల్లో సభకి జనం రారు. సరిపడా జనం లేని సభ తీర్మానం అప్పీలులో నిలబడటం కష్టం.

లంకవాసి:
రెండు నెలలకి నేను సరే. ఈ ఆదివారం మా ఊరి సభలో ఇదే చదువుతాను. కింది రెండు ఊళ్ల సర్పంచ్‌లనీ పిలిచాం.