యూనియన్ ఎన్నిక కోర్టుకెక్కితే, తీర్పు వచ్చేదాకా కుర్చీ ఎవరిది?

రాత్రిషిఫ్టు:
మా యూనియన్‌కి ఇప్పుడు ఇద్దరు ప్రధాన కార్యదర్శులు. ఇద్దరి దగ్గరా మినిట్స్ పుస్తకాలున్నాయి, రెండిట్లోనూ సర్వసభ్య సమావేశం ఒకే తేదీన జరిగింది. ఒకదాంట్లో నా సంతకం కూడా ఉంది. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నా. గొడవ చూసి బ్యాంకు ఖాతా ఆపేసింది. నన్నడిగితే ఇద్దర్నీ పక్కనపెట్టి, కోర్టు ఎవరినైనా వేసి మళ్లీ ఎన్నిక పెట్టించాలి.

రూల్‌బుక్:
కోర్టుని ఇంట్లోకి పిలిస్తే ఇక అది మన యూనియన్ కాదండీ. బైలాస్ ఉన్నాయి, జనరల్ బాడీ పిలవండి. అయినా యూనియన్లని నమోదు చేసే రిజిస్ట్రార్ దగ్గర ఎవరి జాబితా ఉందో వాళ్లదే పదవి.

పాతకార్డు:
జనరల్ బాడీని పిలిచే అధికారం ఎవరిదన్నదే కదా గొడవ! ఇక రిజిస్ట్రార్ సంగతి. మన 1926 కార్మిక సంఘాల చట్టం ప్రకారం ఆఫీస్ బేరర్ల మార్పులు ఆయనకి పంపాల్సి ఉండేది, ఆయన రాసుకునేవాడు. నిజంగా ఎవరు గెలిచారో తేల్చే పని ఆ చట్టం ఆయనకి ఇవ్వలేదు. అందుకే అందరూ సివిల్ కోర్టు మెట్లెక్కేవాళ్లు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 22వ సెక్షన్ ఈ తగాదాల్ని పారిశ్రామిక ట్రిబ్యునల్‌కి అప్పజెప్పింది. సివిల్ కోర్టు దారి మూసేసింది.

రూల్‌బుక్:
రిజిస్ట్రార్ విషయంలో తప్పు నాదే. కానీ ఇద్దర్నీ పక్కనపెట్టడం మాత్రం ఒప్పుకోను. అమెరికాలో 1959 చట్టం ప్రకారం తుది తీర్పు వచ్చేదాకా గెలిచాడని ప్రకటించినవాడిదే పదవి. అలా లేకపోతే ఓడినవాడల్లా స్టే తెచ్చి యూనియన్‌ని పడుకోబెడతాడు. బేరమాడేవాడే లేకుండా పోతే యాజమాన్యానికి పండగే.

పాతకార్డు:
ఆ చట్టం కిందే అక్కడి గని కార్మికుల యూనియన్‌లో ఏం జరిగిందో చూడండి. 1969 ఎన్నికలో టోనీ బాయిల్ గెలిచాడన్నారు. పోటీ చేసిన యాబ్లాన్‌స్కీని మూడు వారాలకే భార్యతో, కూతురితో సహా చంపేశారు. ఆ కేసులో తర్వాత బాయిల్‌కే శిక్ష పడింది. కోర్టు ఎన్నికను కొట్టేసేసరికి 1972 వచ్చింది, అంతవరకూ కుర్చీలో అతనే. మళ్లీ ఓటేస్తే ఓడిపోయాడు. బ్రిటన్‌లో ఎలక్ట్రికల్ ట్రేడ్స్ యూనియన్‌ది ఇంకో దారి. 1959 ఎన్నికలో రిగ్గింగ్ జరిగిందని 1961లో హైకోర్టు తేల్చి, ఓడాడన్న జాన్ బైర్న్‌నే జనరల్ సెక్రటరీగా ప్రకటించింది. కోర్టు వద్దంటే ఆయనకి న్యాయం ఎవరు చేసేవాళ్లు?

రూల్‌బుక్:
ఆయన గెలిచాడు కాబట్టి ఆయన్నే చెబుతున్నారు. అయినా, కొన్నాళ్లపాటు రెండు పక్షాల సంతకాలూ ఉంటేనే చెక్కు చెల్లేలా ట్రిబ్యునల్ ఆర్డరిస్తే సరిపోతుందేమో. కొత్త ఒప్పందాల మీద మాత్రం ఎవరూ సంతకం పెట్టకూడదు.

రాత్రిషిఫ్టు:
ఇది బాగుంది, కాకపోతే ఇద్దరూ ఒక గదిలో కూర్చోవాలి. నిన్న ఓ సస్పెన్షన్ కాగితం పట్టుకుని ఆఫీసుకెళ్తే, తలుపుకి రెండు తాళాలున్నాయి. ఒక పక్షం వేసినదాని పక్కనే రెండోవాళ్లది. జవాబిచ్చే గడువు సోమవారంతో అయిపోతుంది.